వెనక్కి పెట్టిన ఎడమ చెయ్యి

మౌంట్ నెబో అనే నల్లవాళ్ళ చర్చిలో నడిమి ద్వారం ముప్పై నాలుగేళ్ళుగా వెర్నీస్ టిల్‌మన్‌ది. వచ్చినవాళ్ళను వరసల్లో కూర్చోబెట్టడం, ప్రార్థన నడుస్తుంటే గుమ్మంలోనే ఆపడం, ఏడ్చి సొమ్మసిల్లినవాళ్ళకు విసనకర్ర అందించడం ఆమె పని. ఆ పని చేసేవాళ్ళను అషర్లంటారు. నెలలో మొదటి ఆదివారం తెల్ల గౌను, తెల్ల తొడుగులు, గుండె మీద ఇత్తడి బిళ్ళ. వారం పొడుగునా ఆసుపత్రి లాండ్రీలో ఆవిర్ల మధ్య దుప్పట్లు మడిచే మనిషి ఈమేనంటే ఆ రోజు చూసినవాళ్ళు నమ్మరు.

అషర్‌కు నోరుండదు. అంతా చేత్తోనే. కుడిచెయ్యి చాచి అరచెయ్యి పైకి చూపిస్తే ఇటు రండని. రెండు వేళ్ళెత్తితే ఈ వరసలో ఇద్దరికి చోటుందని. ఎడమచెయ్యి మాత్రం వీపు వెనక, నడుము మీద, పిడికిలి మూసి ఉండాలి. అది ఎదుటివాళ్ళకిచ్చే మర్యాద. పెద్ద అషర్ గుండె మీద చెయ్యి ఆనించి దించితేనే, ఆ సైగ చూసి మిగతావాళ్ళు ఎడమచెయ్యి దించాలి. పాస్టర్‌గారు పేరు పెట్టి పిలిచినా, పక్కన పిల్ల ఏడ్చినా, పైకప్పు కూలినా దించకూడదని వెర్నీస్ కొత్తవాళ్ళకు చెప్పేది. పైకప్పు మాట నవ్వించడానికి. తక్కినది నిజంగానే.

ఎదుటి ద్వారం ఓరలీ మెక్‌స్వెయిన్‌ది. ఇద్దరూ ఒకే ఏడు తొడుగులు వేసుకున్నారు, వెర్నీస్ మూడు నెలలు ముందు. పాత పెద్ద అషర్ పోయాక ఆ మూడు నెలల పెద్దరికంతోనే వెర్నీస్ పెద్ద అషర్ అయింది. "నాకంటే మూడు నెలల ముందు పుట్టిన దూడకి నేను తలవంచాలి," అని ఓరలీ ఎప్పుడూ దెప్పేది. దెప్పుతూనే సైగ కోసం చూసేది.

డెలాన్ వెర్నీస్‌కు రెండో బిడ్డ. వాడికి ఏడేళ్ళప్పుడు పిల్లల అషర్లలో చేర్చింది. కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు ఒకచోట నిలిచేవాడు కాదు. చెయ్యి వెనక్కి పెట్టడం, మరు నిమిషంలో ముక్కు గోక్కోవడం. మూడు ఆదివారాలు చూసింది. నాలుగో ఆదివారం వాడి ఎడమ చొక్కా చేతి అంచును వెనక బెల్టుకు పిన్నీసుతో గుచ్చేసింది. ఎవరికీ కనబడదు. ఆరాధన అయ్యాక కారులో తీసేది. ఏడాది తిరిగేసరికి పిన్నీసు అక్కర్లేకపోయింది. ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళేది. బళ్ళో టీచరు పిలిస్తే వెళ్ళేది. పెద్దయ్యాక టైర్ల షాపులో యజమాని మాట్లాడినా వెళ్ళేది. "ఏరా వెయిటరూ, ఇటు రెండు కాఫీలు," అని షాపువాళ్ళు ఏడిపించేవాళ్ళు. వాడు నవ్వి, కుడిచెయ్యి చాచి, మూడో వరసలో చోటుంది సార్ దయచేయండి, అనేవాడు.

వాడికి ఇరవై నాలుగేళ్ళు. అక్టోబరులో ఒక శనివారం, మధ్యాహ్నం ఇంకా రెండు కూడా కాలేదు. ఓరలీ కారుకు ఇంటి ముందే టైరు పోయింది. ఫోన్ చేస్తే డెలాన్ వచ్చాడు. ఆమె లోపలికెళ్ళి వాడికోసం పౌండ్ కేకు కోస్తోంది. వీధి చివర కొత్తగా దిగినవాళ్ళెవరో, నల్లబ్బాయి ఒకడు కారు చక్రాలు విప్పుకుపోతున్నాడని పోలీసులకు చెప్పారు. ఒక్క పోలీసు వచ్చాడు. అతని రొమ్ము మీది కెమెరాలో అంతా కలిపి పదకొండు సెకన్లు. డెలాన్ చేతిలోని పానా కింద పెట్టాడు. లేచాడు. చేతులు చూపించమని పోలీసు అరిచాడు. కుడిచెయ్యి చాచాడు, అరచెయ్యి పైకి. ఎడమచెయ్యి వెనక్కి వెళ్ళింది. పోలీసు మళ్ళీ అరిచాడు, మళ్ళీ అరిచాడు. మూడు తూటాలు. ఓరలీ కేకు పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి అయిపోయింది.

నడుము దగ్గర దేనికోసమో చెయ్యి పెట్టాడని నగర పాలకసంస్థవాళ్ళు పత్రికలకు చెప్పారు. వాడి వెనక చొక్కా తప్ప ఏమీ దొరకలేదు. ఎనిమిది నెలలు చూసి, పోలీసు మీద నేరం మోపడానికి ఏమీ లేదని ప్రభుత్వ వకీళ్ళు తేల్చారు. అతను కొన్నాళ్ళు స్టేషన్‌లో బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ గస్తీ బండెక్కాడు.

ఆ పదకొండు సెకన్లు ఊరంతా చూసింది. కాల్డర్ బెండ్ చిన్న ఊరు, ఒహాయో నది పక్కన ఉన్నదే నాలుగు వార్డులు. చూసినవాళ్ళు వాడు ఎందుకలా చేశాడా అని తలలు పట్టుకున్నారు. మౌంట్ నెబోవాళ్ళు మాత్రం పట్టుకోలేదు. వాడు ఎవరినో తీసుకెళ్ళి కూర్చోబెట్టడానికి నిలబడ్డట్టు నిలబడ్డాడని చూడగానే తెలిసిపోయింది. ఆ మాట ఎవరూ వెర్నీస్ ముందు అనలేదు. అనక్కర్లేదు. మొదటిసారి చూసినప్పుడు ఆమె తుపాకీని చూడలేదు. పిడికిలిని చూసింది. ఎంత సరిగ్గా, ఎక్కడ ఉండాలో అక్కడే ఉందో చూసింది.

వాడి సమాధి కార్యక్రమంలో కూడా ఆమె ద్వారం దగ్గరే నిలబడింది. ముందు వరసలో కూర్చోమని పాస్టర్‌గారు బతిమాలారు. కూర్చుంటే నా చేతులకు పనేముంది పాస్టర్‌గారూ, అంది.

ఆ పోలీసుకు జీతమిచ్చే నగరం మీద దావా వెయ్యమని పెద్ద కూతురు కమీల్ పట్టుబట్టింది. వకీలు పేరు ప్రూయిట్, పొడుగాటి మనిషి, ఎప్పుడూ పాత చెప్పుల్లా అరిగిన బూట్లు. ఆయన ఒకరోజు జూరీ నింపే కాగితం నమూనా ఆమె ముందు పెట్టి వివరించాడు. మొదటి ప్రశ్న, పోలీసు చేసింది తప్పా. రెండోది, నష్టం ఎంత. మూడోది, చనిపోయిన మనిషి తప్పు కూడా ఏమైనా ఉందా, ఉంటే నూటికి ఎంత. అంత శాతం సొమ్ములోంచి కోస్తారు. పన్నెండుమందీ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి.

వెర్నీస్ మూడో ప్రశ్న మీద వేలు పెట్టింది.

"ఇక్కడ సున్నా రావాలండీ."

"తప్పకుండా ప్రయత్నిస్తాం. కానీ అసలు పెద్ద అంకె రెండోదాంట్లో ఉంటుందమ్మా."

"అది ఎంతైనా రాసుకోనివ్వండి. నాకు ఇక్కడ సున్నా తెప్పించండి."

ఆయన నవ్వాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా అంకె వెనక సున్నాలు పెంచమంటారు, ఒట్టి సున్నా ఒక్కటి ఇప్పించమన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నా, అన్నాడు. వెర్నీస్ నవ్వలేదు. ఆ గడిలో ఏ అంకె పడినా అది ఎవరిదో ఆమెకు తెలుసు. కొడుకు పేరున రాస్తారు గాని, అది పిన్నీసు ఖరీదు. పిన్నీసు సంగతి ఆమె ప్రూయిట్‌కు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

కేసు కోర్టుకెక్కేసరికి నాలుగేళ్ళయింది. జూరీలో పన్నెండుమంది, ఇద్దరే నల్లవాళ్ళు. అషర్లు ఎలా నిలబడతారో చూపించమని ప్రూయిట్ ఆమెను బోనులోంచి దింపి జూరీ ముందు నిలబెట్టాడు. కుడిచెయ్యి చాచింది. ఎడమచెయ్యి వెనక్కి వెళ్ళింది. సాక్ష్యానికి ముదురురంగు గౌను వేసుకొచ్చింది గాని, ఆ గదిలో అందరికీ తెల్ల గౌనే కనబడింది. జూరీలో చివరి కుర్చీలో కూర్చున్న ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అక్కడితో ఆగితే సున్నా వచ్చేదేమోనని ప్రూయిట్ తర్వాత చాలాసార్లు అన్నాడు.

నగరం తరఫు వకీలు ఒకావిడ. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ముందు కొడుకు పోయినందుకు విచారం చెప్పింది. ఆ పైన, ఈ పద్ధతి అబ్బాయికి ఎవరు నేర్పారని అడిగింది.

"నేనే."

"ఎవరైనా చెయ్యి ముందుకు తియ్యమంటే తియ్యొచ్చని నేర్పారా?"

ప్రూయిట్ ముందే చెప్పి ఉన్నాడు. అవును, కాదు, గుర్తులేదు, ఈ మూడింటితోనే సరిపెట్టమని. వెర్నీస్ ప్రమాణానికి ఎత్తిన తన కుడిచెయ్యి వైపు చూసుకుంది.

"మాటకు తియ్యకూడదని నేర్పాను. సైగకే తియ్యాలి. ఎంత పెద్దవాళ్ళు అరిచినా సరే, సైగ వచ్చేదాకా దించకూడదని చెప్పాను."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. వెర్నీసే ఆగలేకపోయింది. వాడు చిన్నప్పుడు నిలిచేవాడు కాదనీ, చొక్కాను బెల్టుకు పిన్నీసుతో గుచ్చాననీ, ఏడాది గుచ్చాననీ చెప్పింది. ఎవరూ అడగని సంగతి. జడ్జి ఇక చాలనేదాకా చెప్పింది. వెనక వరసలో ఓరలీ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ పిన్నీసు సంగతి ఆమెకూ తెలియదు.

జూరీ మూడు రోజులు తలుపు మూసుకుంది. పోలీసు చేసింది తప్పు. నష్టం కోటీ ఇరవై ఐదు లక్షల డాలర్లు. చనిపోయిన మనిషి తప్పు, నూటికి ఇరవై.

రెండో అంకె వినగానే కమీల్ తల్లిని కావలించుకుంది, ఆ కేకల్లో మూడోది చాలామందికి వినబడలేదు. వెర్నీస్‌కు అదే వినబడింది. ఇరవై తీసేస్తే సరిగ్గా కోటి, ఈ జిల్లాలో ఇంత సొమ్ము ఎప్పుడూ రాలేదని ప్రూయిట్ ఆమె చేతులు పట్టుకు ఊపాడు. బయట కెమెరాలు. న్యాయం జరిగిందనుకుంటున్నారా అమ్మా అని ఒక పిల్ల మైకు పెట్టింది. వెర్నీస్ కుడిచేత్తో దారి చూపించింది. ఆ పిల్ల తెలియకుండానే పక్కకు జరిగింది.

ఆ తర్వాతి సంగతి ఊరందరికీ తెలిసిందే. చర్చి చేపల వేపుడు విందు ఈ ఏడు సిస్టర్ వెర్నీస్ ఖర్చేనా అని పురుషుల సంఘంవాళ్ళు నవ్వారు. ఇరవయ్యేళ్ళుగా మాటల్లేని పినతండ్రి కొడుకు ఒకడు కాలిఫోర్నియా నుంచి పూలు పంపాడు. లాండ్రీలో మేస్త్రీ, కోటీశ్వరురాలికి దుప్పట్లు మడిచే పనేమిటమ్మా, అన్నాడు. నగరం పై కోర్టుకు వెళ్ళిందనీ, ఇంతవరకు చిల్లుకాసు రాలేదనీ చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆమె కూడా చెప్పడం మానేసింది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం చేపల దుకాణంలో వరసలో నిలబడి ఉంటే, ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. జూరీలో కళ్ళజోడు తుడుచుకున్న తెల్లాయన. పేరు హాలిస్ అన్నాడు, ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి విరమించుకున్నాడట. మాట్లాడొచ్చో లేదో తెలియదు గానీ, మిమ్మల్ని కలిస్తే ఒక మాట చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నానన్నాడు.

అతను చెప్పింది ఇది. మొదటి రోజే అందరూ పోలీసుదే తప్పనుకున్నారు. ఆమెకు కోటి ముట్టాలని రెండో రోజు ఒప్పుకున్నారు. ముగ్గురు మాత్రం మూడో ప్రశ్న దగ్గర అడ్డం తిరిగారు. చేతులు చూపించమని మూడుసార్లు అరిచాడు కదా, వాడి తప్పు ఏమీ లేదని మేం సంతకం పెట్టం, అన్నారు. మిగిలిన తొమ్మిదిమంది ఒక రోజంతా వాదించి అలిసిపోయారు.

"అప్పుడు నేనే చెప్పానమ్మా. సరే, ఇరవై వెయ్యండి, పైన అంకె పెంచుదాం అన్నాను. కోటీ ఇరవై ఐదు రాసి ఇరవై తీస్తే మళ్ళీ కోటే కదా. మీకు ఒక్క డాలరు కూడా తగ్గకుండా చూశాను."

అతని ముఖం మెచ్చుకోలు కోసం చూసే ముఖం. చెడ్డ మనిషి కాదు. ఇంటికి ఉత్తరం తడవకుండా చేర్చిన మనిషిలా ఉన్నాడు.

"మీరు కూడా వాడిది ఇరవై అనుకున్నారా?" అని అడిగింది వెర్నీస్.

"నేనా? లేదమ్మా. నేను అసలేం అనుకోలేదు. అది ఉత్త అంకె."

వెర్నీస్ చేపల మీది మంచును చూసింది. గల్లా దగ్గరమ్మాయి అతన్ని పిలుస్తోంది, అతనికి వినబడలేదు. వెర్నీస్ కుడిచెయ్యి చాచి, అరచెయ్యి పైకి పెట్టి, మీ వంతు వచ్చింది వెళ్ళండన్నట్టు చూపించింది. అతను వెళ్ళాడు. ఆమె చేపలు కొనకుండా ఇంటికి వచ్చింది.

జూన్‌లో నగరం రాజీ కబురు పంపింది. అరవై ఐదు లక్షలు వెంటనే ఇస్తారు. బదులుగా జూరీ తీర్పును రద్దు చెయ్యమని రెండు పక్షాలూ కలిసి కోర్టును అడగాలి. తప్పు ఎవరిదనీ ఎక్కడా ఉండదు. పై కోర్టులో గెలుస్తామన్న నమ్మకం సగమే, మూడేళ్ళయినా పట్టొచ్చు, ఏమీ రాకపోనూ వచ్చన్నాడు ప్రూయిట్. ఆ పైన గొంతు తగ్గించి, మీకు ఆ మూడో గడి బాధ కదమ్మా, తీర్పు పోతే ఆ ఇరవై కూడా పోతుంది, అన్నాడు. మనసెరిగిన మనిషే.

ఆమె రెండు వారాలు గడువడిగింది. కమీల్‌కు ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఉబ్బసం, ఉండేది బూజు పట్టిన అద్దె ఇల్లు. తీసుకొమ్మని మొదట మెల్లగా చెప్పింది. పదో రోజున వంటింట్లో ఆకుకూర గిన్నె దింపుతూ తెగేసి అంది.

"అమ్మా, ఆ కాగితాన్ని ఉడకేసుకుని తింటామా?"

"ఆ కాగితంలో నూటికి ఎనభై తప్పు వాళ్ళదని ఉందే."

"ఇరవై వాడిదని కూడా ఉంది. అది చెరిగిపోతుందంటే నీకెందుకు బాధ? దావా వేసినప్పటినుంచీ నువ్వు ఏడుస్తున్నది ఆ గడికే కదా."

వెర్నీస్ గిన్నె మీద మూత పెట్టింది. కూతురు అన్నది అబద్ధం కాదు. చెరిపెయ్యడానికి ఇంత మంచి దారి మళ్ళీ రాదు. సంతకం పెడితే డెలాన్ మీద మచ్చ ఉండదు. పిన్నీసు మాట కూడా ఏ తీర్పులోనూ ఉండదు. రెండు రోజులు ఆమె అదే తిప్పితిప్పి చూసింది. చూస్తుంటే వేరే సంగతి కనబడింది. మచ్చ పోతుంది, దానితోపాటు తూటాలు కూడా పోతాయి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ నేర్పలేదు, టైరు మార్చడానికి వెళ్ళిన కుర్రాడు ఊరికే పోయాడు. అలా మిగులుతుంది.

పన్నెండో రోజున, లాండ్రీ ఆవిరి వాసన పోకముందే, బస్సెక్కి ప్రూయిట్ ఆఫీసుకు వెళ్ళింది.

"ఆ ఎనభై ఉండాలండీ. దానికోసం ఇరవై కూడా ఉండనివ్వండి. ఒక్కటి అడుగుతాను. ఆ ఇరవై డెలాన్‌ది కాదు, నాది. కాగితంలో వాడి పేరు కొట్టేసి నా పేరు రాయించే వీలుందా?"

ప్రూయిట్ కలానికి మూత పెట్టేశాడు. మీరు ఈ కేసులో చనిపోయిన మనిషి కారమ్మా, చట్టంలో అలాంటి గడి లేదు, అన్నాడు.

"అయితే ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి."

కమీల్ ఆరు వారాలు తల్లితో మాట్లాడలేదు. ఆ తర్వాత పిల్లలను తీసుకుని వచ్చింది గాని, ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. కేసు పై కోర్టులో నడుస్తూనే ఉంది. వెర్నీస్ దుప్పట్లు మడుస్తూనే ఉంది.

సెప్టెంబరులో పిల్లల అషర్లకు కొత్త జట్టు చేరింది. ఆరుగురు, అందరికంటే చిన్నది తొమ్మిదేళ్ళ జనే. డెలాన్ పోయాక పిల్లలకు నేర్పే పని ఓరలీకి వదిలేసిన వెర్నీస్, ఈసారి నేను నేర్పుతానంది. శనివారం పొద్దున ఖాళీ చర్చిలో వాళ్ళను నడిమి దారిలో వరసగా నిలబెట్టింది. పెద్దవాళ్ళను చూసి పెరిగిన పిల్లలు, చెప్పకముందే ఆరు ఎడమచేతులూ వీపుల వెనక్కి వెళ్ళాయి.

ఆమె వరస చివరనుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కరి వెనక్కి వెళ్ళి, పిడికిలి పట్టుకుని ముందుకు తెచ్చి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఇకనుంచి రెండు చేతులూ ముందే ఉండాలి, విప్పే ఉండాలి, అంది. మాటకైనా, సైగకైనా, ఎవరు ఏమన్నా కదపొద్దు, ముందే ఉంచండి. అషర్ల సంఘం పుస్తకంలో అలా లేదని ఓరలీకి తెలుసు. ఎదుటి ద్వారం దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తోంది.

ఆరుగురు పిల్లలూ అరచేతులు చూపిస్తూ నిలబడ్డారు. పోలీసులు ఆపిన కారు పక్కన నిలబడ్డవాళ్ళలా ఉన్నారు. వెర్నీస్‌కు అది కనబడింది. అయినా బావుందంది.

ఆమె వెళ్ళి వాళ్ళకు ఎదురుగా తన ద్వారం దగ్గర నిలబడింది.

"సిస్టర్ వెర్నీస్, మరి మీ చెయ్యి వెనకే ఉందేం?" అని జనే అడిగింది.

వెర్నీస్ చూసుకుంది. ఉంది. నడుము మీద, పిడికిలి మూసి, ఎక్కడ ఉండాలో అక్కడే. పిల్లల ముందు దాన్ని తియ్యాలనుకుంది. చెయ్యి రాలేదు. ఓరలీ కుర్చీలోంచి లేచింది. గుండె మీద చెయ్యి ఆనించింది, మెల్లగా దించింది. కిందివాళ్ళు పైవాళ్ళకు ఎప్పుడూ చెయ్యని సైగ అది.

వెర్నీస్ దాన్ని చూసింది. మూడు నెలలు చిన్నది కదా, ఓరలీ సైగ ఆమెకు చెల్లదు. పెద్దవాళ్ళెవరూ ఆ చర్చిలో మిగల్లేదు.

"ముందు మీరు నడవండి," అంది పిల్లలతో, కుడిచెయ్యి చాచి దారి చూపిస్తూ. "చేతులు కనబడుతూ ఉండాలి."